బరంపురంలో ఎముక కోయించాలంటే: కత్తి వాళ్లది, యాసిడ్ మనది

కప్ప కాలి వేలిలోని చిన్న ఎముకనో, సముద్రపు తాబేలు ముందరి తెడ్డులోని భుజాస్థినో వెంట్రుక మందంలో సగంకన్నా పల్చగా అడ్డంగా కోసి రంగు పట్టిస్తే, మైక్రోస్కోపు కింద ఒకదాని చుట్టూ ఒకటి గీతలు కనిపిస్తాయి. జంతువు ఎదుగుదల ఏడాదిలో కొంతకాలం దాదాపు నిలిచిపోతుంది. ఆ నిలిచిన చోట ఎముకలో పడే ముదురు గీత అది. శాస్త్రంలో పేరు ఎల్‌ఏజీ (లైన్ ఆఫ్ అరెస్టెడ్ గ్రోత్). ఇక్కడ ఆగుడు గీత అందాం. అవి లెక్కపెట్టి వయసు కట్టడం వినడానికి తేలికే, ఆ పల్చటి ముక్క చేతికి రావడమే కష్టం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ వైపు కాలేజీల్లో జువాలజీ ప్రాజెక్టు చేసేవాళ్లకి పనిచేసే మైక్రోటోమ్, అంటే పల్చగా కోసే యంత్రం, దొరకడం అంత సులువు కాదు. ఉన్న చోట బ్లేడు మొండిబారి ఉంటుంది. దాంతో చూపు బరంపురంలో మనుషుల బయాప్సీలు చూసే ప్రైవేటు పాథాలజీ ల్యాబుల మీదికి పోతుంది.

అలాంటి ఒక ల్యాబు ఎముక కోత సేవ మీద ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. ఇందులోని లోపాలు ఆ ఒక్క చోటివి కావు. మనిషి రోగం కనిపెట్టడానికి పెట్టుకున్న ఏ ల్యాబుకైనా జంతువు వయసు పని ఇస్తే ఇవే తలెత్తుతాయి. ముందే ఒక మాట: కోత బాగుంది, 5కి 4 ఇవ్వచ్చు. యాసిడ్‌లో నానబెట్టే పనికి 1. రంగుకి 2. రిపోర్టులో రాసిచ్చే వయసుకి మార్కులే లేవు, ఎందుకంటే అది వాళ్లని అడగాల్సిన పనే కాదు. అన్నీ కలిపి ప్యాకేజీగా తీసుకుంటే డబ్బు దండగ. కోత ఒక్కటే కొనుక్కుంటే మాత్రం విశాఖ దాకా పార్సిల్ పంపే ఖర్చు, ఆదుర్దా రెండూ తప్పుతాయి.

కౌంటర్లో సీసా ఇచ్చేస్తే వాళ్లు చేసే వరస ఇది. ఫార్మలిన్‌లోంచి తీసి, ఎముక కాబట్టి సున్నం కరిగించే ద్రవంలో వేస్తారు. మెత్తబడ్డాక క్యాసెట్లో పెట్టి, ఆల్కహాల్, జైలీన్ దాటించి, మైనంలో దిమ్మ కడతారు. రోటరీ మైక్రోటోమ్ మీద 4 లేదా 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోస్తారు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు రెండూ వేసి, కవర్ గ్లాసు అంటించి ఇస్తారు. మనిషి ఎముక మజ్జలో కణాలు చూడటానికి ఈ వరసలో తప్పు పట్టేదేమీ లేదు. ఆగుడు గీతలకి మాత్రం ఇందులో నాలుగు మెట్లు పనికిరావు.

మొదటిది యాసిడ్. ఇక్కడే ఎక్కువ నమూనాలు పాడవుతాయి కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. పాథాలజీ ల్యాబుకి రిపోర్టు త్వరగా వెళ్లాలి. అందుకని హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిసిన, వేగంగా పనిచేసే ద్రవం ఒకటి పెద్ద జాడీలో సిద్ధంగా ఉంటుంది. షుగరు జబ్బుతో తీసేసిన కాలి వేలు, మోకాలి చిప్ప ముక్క, మీ కప్ప వేలు అన్నీ అదే జాడీలో, అదే రాత్రి. మనిషి కాలి వేలికి ఒక రాత్రి చాలకపోవచ్చు. అర మిల్లీమీటరు మందం కూడా లేని కప్ప వేలి ఎముకకి అది అత్తెసరుకి పెట్టిన బియ్యాన్ని తెల్లార్లూ పొయ్యి మీద వదిలేసినట్టు. సున్నం ఎప్పుడో పోయింది, ఆ తర్వాత యాసిడ్ ఎముకలోని మిగతా పదార్థాన్ని తినడం మొదలుపెడుతుంది. అలా ఎక్కువ నానిన ఎముక హెమటాక్సిలిన్‌ని పట్టుకోదు. గీత ముదురుగా కనిపించేది ఆ రంగు పట్టినందువల్లే. స్లైడు చూస్తే కోత శుభ్రంగా ఉంటుంది, ఎముక గుండ్రంగా ఉంటుంది, గీతలే ఉండవు. ఈ కప్పకి ఏడాది నిండలేదు కాబోలనుకుంటాం. అసలు సంగతి జాడీలో జరిగిపోయింది.

కాబట్టి సున్నం తీసే పని ఇంట్లోనో, కాలేజీ ల్యాబులోనో ముగించి, మెత్తబడ్డ ఎముకనే వాళ్లకి ఇవ్వండి. ముందు ఫార్మలిన్: 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఈ రెండు ఉప్పులు లేకుండా ఉత్త ఫార్మలిన్ నీళ్లు వాడితే అది నిలవలో పులిసి ఆమ్లంగా మారుతుంది, మీకు తెలియకుండానే సున్నం కరగడం మొదలవుతుంది. ఎముక పరిమాణానికి కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి. ఫార్మలిన్ సరిగా పట్టని ఎముక యాసిడ్‌లో ఉబ్బుతుంది.

కప్ప వేలికి 5 శాతం నైట్రిక్ యాసిడ్ చాలు: 95 మిల్లీలీటర్ల నీళ్లలో 5 మిల్లీలీటర్ల గాఢ యాసిడ్, నీళ్లలోకి యాసిడ్ పోయాలిగాని యాసిడ్‌లోకి నీళ్లు కాదు. గంట దాటిన దగ్గర్నించీ చూస్తూ ఉండాలి. చర్మం ఒలిచిన వేలి ఎముక పాలరంగు వదిలి సగం పారదర్శకంగా మారి, పట్టకారుతో పట్టుకుంటే వంగాలి. చిన్న కప్పలకి ఇది గంటల్లో తేలే పని, రాత్రంతా ఆగాల్సింది కాదు. తాబేలు భుజాస్థికి నైట్రిక్ వద్దు. ఎముకను కండ ఒలిచి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నడిమి భాగంలో కండరం అతుక్కున్న గరుకు మచ్చ దాటిన వెంటనే 2 నుంచి 3 మిల్లీమీటర్ల బిళ్లగా రంపంతో కోసి, ఫార్మలిన్‌లో ఉంచి, 10 శాతం ఫార్మిక్ యాసిడ్‌లో వేయాలి. బిళ్లని గాజుగుడ్డలో కట్టి ద్రవం మధ్యలో వేలాడదీయండి. అడుగున పడుకోబెడితే కింది ముఖం గట్టిగానే ఉండిపోతుంది. రోజూ ద్రవం మార్చాలి. ఎన్ని రోజులన్నది బిళ్ల మందం చెబుతుంది. తొందర లేనివాళ్లకి 14 శాతం ఈడీటీఏ (సున్నాన్ని పట్టి లాగే రసాయనం) అన్నిటికన్నా మంచిది, రంగు పట్టే గుణాన్ని చెడగొట్టదు, కాకపోతే వారాలు పడుతుంది. డైసోడియం ఈడీటీఏ పొడి ఉత్త నీళ్లలో పూర్తిగా కరగదు, తెల్లగా అడుగున కూర్చుంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్ పెంచితే ఒక దశలో ఒక్కసారిగా తేటబడుతుంది. ఆ తర్వాత 7.2–7.4కి సరిచేయాలి. పొడి నకిలీదని షాపువాడితో తగాదాకి పోకండి.

ఎముక మెత్తబడిందో లేదో సూదితో గుచ్చి చూడటం ల్యాబుల అలవాటు. ఆ సూది బెజ్జం సరిగ్గా గీతలుండే గట్టి పొరలోనే పడుతుంది, తర్వాత స్లైడులో చీలికలా కనిపిస్తుంది. దానికన్నా అమోనియం ఆక్సలేట్ పరీక్ష నయం. ఎముక నానుతున్న యాసిడ్ 5 మిల్లీలీటర్లు తీసుకుని, లిట్మస్ కాగితం చూస్తూ అమోనియాతో తటస్థం చేసి, సంతృప్త అమోనియం ఆక్సలేట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు కలిపి అరగంట ఆగండి. తెల్లగా మసకబారితే సున్నం ఇంకా వస్తోంది, ద్రవం మార్చాలి. తేటగా ఉంటే పని అయిపోయింది. యాసిడ్ కలపడానికి బోరు నీళ్లు వాడితే మాత్రం ఈ పరీక్ష ఎప్పటికీ తేటపడదు. ఆ నీళ్లలోనే కావలసినంత సున్నం ఉంటుంది. ఈడీటీఏకి ఈ పరీక్ష పనిచేయదు, సున్నాన్ని అది గట్టిగా పట్టేసుకుని ఉంటుంది. పని అయ్యాక కొళాయి కింద సన్నటి ధారలో 12 నుంచి 24 గంటలు కడగాలి. యాసిడ్ మిగిలితే రంగు సరిగా పట్టదు.

ఇంకో జాగ్రత్త. ఫార్మలిన్ కడగకుండా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే ఆ రెండూ కలిసి బిస్‌క్లోరోమిథైల్ ఈథర్ అనే ఆవిరి పుట్టే ప్రమాదం ఉంది. అది క్యాన్సర్ కారకం. ల్యాబులో చిన్న కుర్రాళ్లు సీసాలోంచి నేరుగా జాడీలోకి వంపుతుంటారు, వాళ్ల మంచి కోసమైనా మీ ఎముకని కడిగి ఇవ్వండి.

చేపల వాళ్లకి ఒక ముక్క. చిలికా సరస్సు చేప తలలోంచి తీసిన చెవిరాయిని, అంటే ఓటోలిత్‌ని, ఎముకే కదా అని ఈ సీసాల్లో కలిపి ఇవ్వకండి. ఎముకలో సున్నం పోయినా కొల్లాజెన్ అనే పీచు పదార్థపు అచ్చు మిగులుతుంది. చెవిరాయి దాదాపు మొత్తం క్యాల్షియం కార్బొనేటే, యాసిడ్‌లో బుడగలు కక్కి మాయమైపోతుంది. దాన్ని రాయిలా అరగదీసి చూడాలి. ఇక మేక వయసో, గేదె వయసో కావాలనుకునేవాళ్లు ఈ తంటా అంతా పడక్కర్లేదు, పళ్లు చూస్తే చాలు.

ఇక కోత. ఈ ల్యాబు మంచి పేరు నిలబెట్టుకునేది ఇక్కడే. వారానికి వందల దిమ్మలు కోసే టెక్నీషియన్ చెయ్యి, ఏడాదికోసారి మైక్రోటోమ్ ముట్టుకునే మన చెయ్యి ఒకటి కావు. వాడిపారేసే బ్లేడు వాడతారు కాబట్టి గాట్లు, గీరలు పడవు. ముక్కల రిబ్బను తెగకుండా వస్తుంది. కానీ చెప్పకపోతే రెండు తప్పులు ఖాయం.

ఒకటి, ఎముకని పడుకోబెడతారు. బయాప్సీ ముక్కని వెడల్పు ముఖం కిందికి పెట్టి దిమ్మ కట్టడం వాళ్ల అలవాటు. కప్ప వేలిని అలా పెడితే కోత నిలువుగా పడుతుంది. వలయాలకి బదులు రెండు పట్టాలు కనిపిస్తాయి, వాటిలో లెక్కపెట్టేది ఏమీ ఉండదు. వేలి ఎముక మైనంలో కొవ్వొత్తిలా నిలబడాలి. ఇది ఫారం మీద రాస్తే చదవరు. చేయాల్సింది ఏమిటంటే, 2 శాతం అగర్ వేడిగా కరిగించి, చిన్న మూతలో పోసి, వేలి ఎముకని అందులో నిటారుగా పట్టుకుని గడ్డకట్టనివ్వాలి. ఆ అగర్ దిమ్మని చదరంగా కోసి, కోత మొదలుకావాల్సిన ముఖం మీద చుక్క పెట్టి ఇస్తే ఎలా పెట్టాలన్న ప్రశ్నే రాదు. కాస్త ఏటవాలుగా పడినా గుండ్రటి ఎముక కోడిగుడ్డులా కనిపిస్తుంది, ఒక వైపు గోడ మందంగా, ఒక వైపు పల్చగా. మందమైన వైపు గీతల మధ్య దూరం కొలిచి ఎదుగుదల వేగం లెక్క కట్టారంటే ఆ లెక్క తప్పే.

రెండోది మందం. 4 మైక్రాన్లలో గీత వెలిసిపోయినట్టు ఉంటుంది. కప్ప వేలికి 10 నుంచి 16 మైక్రాన్లు, తాబేలు భుజాస్థికి 25 మైక్రాన్లు కావాలి. 12 దాకా మైనంలో బాగానే కోసి ఇచ్చారు. 25 మైక్రాన్ల మందాన మైనం ముక్క బియ్యప్పిండి అప్పడంలా చుట్టుకుపోతుంది, నీటి తొట్టెలో పరుచుకోదు. అందుకని తాబేలు ఎముకకి గడ్డకట్టించి కోసే పద్ధతే అడగాలి. ఆపరేషన్ మధ్యలో రిపోర్టు ఇచ్చే ల్యాబుల్లో అలా కోసే యంత్రం, క్రయోస్టాట్, ఉంటుంది. మెత్తబడ్డ బిళ్లని 30 శాతం చక్కెర ద్రావణంలో మునిగేదాకా ఉంచి తీసుకెళ్తే మంచు పలుకులు ఎముకని చీల్చవు. అయితే క్రయోస్టాట్ సమయం ఆపరేషన్ థియేటర్ల చేతిలో ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత అడిగితేనే తీరిక దొరుకుతుంది. పెద్ద తాబేలు బిళ్ల మొత్తం ఒకే ముక్కగా రావడం ఇక్కడ కుదరలేదు, అంచులు చిరిగాయి. 5లో పోయిన ఒక మార్కు అదే.

కప్ప వేలికి ఒకటి రెండు ముక్కలు చాలవు. నడుమ భాగం నుంచి కనీసం 20 ముక్కలు వరసగా కావాలి. వాటిలో మజ్జ బెజ్జం అన్నిటికన్నా చిన్నగా, గోడ మందంగా ఉన్నవి ఏరి చదవాలి. వేలి చివర్లకి జరిగేకొద్దీ మజ్జ పెరిగి లోపలి గీతల్ని మింగేస్తుంది. ల్యాబు ఒక దిమ్మకి ఒక స్లైడు ఇచ్చి మిగతా రిబ్బను చెత్తబుట్టలో వేస్తుంది. రిబ్బను మొత్తం కావాలని ముందే మాట్లాడుకోండి, వాళ్లకి పెద్ద అదనపు శ్రమ కాదు. సున్నం తీసిన ఎముక ముక్క మామూలు గాజు మీద అంటి ఉండదు, రంగు తొట్టెలో ఊడి తేలుతుంది. గుడ్డు తెల్లసొన, గ్లిజరిన్ కలిపి పూసిన స్లైడ్లయినా, పాలీలైసిన్ పూత ఉన్నవయినా మీరే ఇవ్వండి.

స్లైడ్లని రంగు వేయకుండానే వెనక్కి తీసుకోండి. వాళ్ల వరసలో ఇయోసిన్ ఉంటుంది, అది ఎముక మొత్తాన్ని గులాబీ రంగులో ముంచుతుంది, గీత అందులో కలిసిపోతుంది. వాళ్లు వాడే హ్యారిస్ హెమటాక్సిలిన్ వేగంగా పనిచేసేదే, యాసిడ్ చూసిన ఎముకకి మాత్రం ఎర్లిక్ రకం మేలు. హెమటాక్సిలిన్ 2 గ్రాములు, ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు, గ్లిజరిన్ 100, డిస్టిల్డ్ వాటర్ 100, గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ 10, అడుగున కొంచెం మిగిలేటంత పొటాష్ పటిక. దూది మూత పెట్టి వెలుతురు తగిలే కిటికీలో సుమారు 2 నెలలు ఉంచితే పండుతుంది. ఆవకాయలాగే, తొందరపడితే రుచి రాదు. ఆగలేనివాళ్లు 0.3 గ్రాముల సోడియం అయోడేట్ వేస్తే అప్పటికప్పుడే వాడుకోవచ్చు. స్లైడుని 20 నుంచి 45 నిమిషాలు ఉంచి, కొళాయి నీళ్లలో నీలం తిరిగేదాకా కడగాలి. ఆక్సలేట్ పరీక్షని పాడుచేసిన బోరు నీళ్లే ఇక్కడ ఉపకారం చేస్తాయి, వాటి క్షారానికి నీలం చక్కగా తేలుతుంది. తాబేలు మందపు ముక్కల్ని ఆల్కహాల్‌లో ఆరబెట్టి డీపీఎక్స్ అనే జిగురులో అంటిస్తే ముడుచుకుంటాయి. గ్లిజరిన్‌లో పెట్టి అంచులకి గోళ్ల రంగు పూస్తే చదునుగా ఉంటాయి. వెంటనే ఫోటోలు తీసేసుకోండి, గ్లిజరిన్ స్లైడు ఏళ్ల తరబడి నిలవదు.

రిపోర్టు సంగతి. అడిగితే ఒక కాగితం మీద వయసు అంచనా కూడా రాసిస్తారు. అక్కడి డాక్టరుకి మనిషి ఎముకలో క్యాన్సర్ కణం కనిపెట్టడం వెన్నతో పెట్టిన విద్య. కానీ పాథాలజీలో ముఖ్యమైన గీతలు వేరు. ఎముక కరిగి మళ్లీ కట్టుకున్న చోట పడే తిరోగమన గీత, ఆస్టియాన్ల (రక్తనాళం చుట్టూ కట్టుకున్న ఎముక గొట్టాల) చుట్టూ ఉండే సిమెంటు గీత, ఇవి కూడా హెమటాక్సిలిన్‌కి నీలంగానే కనిపిస్తాయి. వాటిని కలిపి లెక్కపెడితే 3 ఏళ్ల కప్పకి 6 ఏళ్లు వస్తాయి. తేడా గుర్తుపట్టడం ఇలా: ఆగుడు గీత ఎముక బయటి అంచుకి సమాంతరంగా, నునుపుగా, చుట్టూ సాగుతుంది. తిరోగమన గీత మజ్జ వైపు, ఎలుక కొరికిన రొట్టె అంచులా వంకరటింకరగా ఉంటుంది. సిమెంటు గీత ఒక్కో రక్తనాళపు గొట్టం చుట్టూ చిన్న చిన్న సున్నాలుగా ఉంటుంది. రెండు గీతలు దగ్గర దగ్గరగా నడిచి ఒక చోట ఒకటైపోతే అది ఒకే ఏడాది. సగం దూరం సాగి మాయమయ్యేది లెక్కలోకి రాదు.

ఫోటోలు కూడా ఇస్తారు, సెల్‌ఫోన్ కన్ను ఐపీస్‌కి ఆనించి తీసినవి. స్కేలు ఉండదు. వలయాల వ్యాసం కొలవలేని ఫోటో గోడకి తగిలించుకోవడానికే. స్టేజ్ మైక్రోమీటరు (కొలత గీతలున్న గాజు పలక) పెట్టి, అదే పెద్దదనంలో మీరే తీసుకోండి. ఇద్దరు మనుషులు, జంతువు పొడవు తెలియకుండా, రోజుల తేడాతో మూడేసి సార్లు లెక్కపెట్టాలి. ఇద్దరికీ కుదరని స్లైడుని పక్కన పెట్టాలి, సగటు తీసి 3.5 ఏళ్లని రాయకూడదు.

లెక్క వచ్చాక కూడా అది పూర్తి వయసు కాదు. ఎముక బయట పెరుగుతూ లోపల కరుగుతుంటుంది, తొలి ఏళ్ల గీతలు మజ్జ బెజ్జంలోకి పోతాయి. కప్పల్లో ఒకటో రెండో పోతే, పెద్ద తాబేలులో చాలా పోతాయి. దీనికి మందు చిన్న జంతువుల స్లైడ్లు. పెద్దదాని లోపలి బెజ్జం వ్యాసం కొలిచి, అంత వ్యాసానికి చేరేసరికి చిన్నవాటిలో ఎన్ని గీతలు పడుతున్నాయో చూసి కలపాలి. కాబట్టి ఒక్క ఎముక పట్టుకెళ్లి వయసు చెప్పమనడం కుదరదు, వరస ఉండాలి. ఇంకో చిక్కు బయటి అంచున ఉంటుంది. ఈడు వచ్చాక ఎదుగుదల మందగిస్తుంది, గీతలు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి. 4 రెట్ల లెన్సులో ఒకటిగా కనిపించింది 20 రెట్లలో మూడు కావచ్చు.

వేడి ప్రాంతాల జంతువుల్లో గీతలు పడవన్న మాట ఇంకా వినిపిస్తూ ఉంటుంది. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయం వాళ్లు 2001లోనే మైక్రోహైలా ఆర్నేటా అనే చిన్న కప్ప వేలి ఎముకల్లో గీతలు చదివి వయసు కట్టారు. 2012లో ఉష్ణమండలపు నెమరువేసే జంతువుల తొడ ఎముకల్లో కూడా ఇవి ఉన్నాయని తేలింది. గీతలు పడతాయి, ఏటా ఒకటేనా అన్నదే అసలు ప్రశ్న. వానలకి ముందు మండే ఎండ, తర్వాత చలికాలపు కరువు రెండూ తిండికి విరామాలైతే ఏడాదికి రెండు గీతలు పడొచ్చు. గంజాంలో కొలిచి చూడకుండా ధార్వాడ్ లెక్క అరువు తెచ్చుకోకూడదు. తాబేళ్లలో కెంప్స్ రిడ్లేకి మాత్రం వయసు తెలిసిన జంతువులతో సరిచూసి ఏటా ఒకటేనని నిర్ధారించారు. ఉత్తర మధ్య పసిఫిక్‌లోని ఆలివ్ రిడ్లేల భుజాస్థులు చదివి, 2006లో ఈడు వచ్చే వయసు మధ్యస్థంగా 13 ఏళ్లని తేల్చారు. ఆ 13 పసిఫిక్‌ది, గంజాం తీరంలో ఋషికుల్య నది దగ్గర గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలుకి దాన్ని అంటగట్టలేం. సరిచూడ్డానికి జంతువుకి టెట్రాసైక్లిన్ అనే మందు ఎక్కించి, మళ్లీ పట్టుకుని, అతినీలలోహిత కాంతిలో మెరిసే గుర్తు తర్వాత ఎన్ని గీతలు పడ్డాయో చూసే పద్ధతి ఉంది. అలాంటి ఎముకని పొరపాటున కూడా ఈ ల్యాబుకి ఇవ్వకండి. యాసిడ్‌లో సున్నంతోపాటు ఆ మెరుపు కూడా కొట్టుకుపోతుంది. దాన్ని సున్నం తీయకుండా డైమండ్ రంపంతో కోసి, ఎమరీ కాగితం మీద అరగదీయాలి.

చట్టం గురించి కౌంటర్లో ఎవరూ అడగరు, అదే ప్రమాదం. ఋషికుల్య ముఖద్వారం నుంచి గోపాల్‌పూర్ దాకా ఇసుక మీద కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే కళేబరం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కిందికే వస్తుంది. ఒడ్డున దొరికిందని ఎముక సంచిలో వేసుకురావడం నేరం. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి, దాని నకలు సీసాతోపాటు ల్యాబులో ఇవ్వాలి. ఎక్కడ కళేబరం పడిందో ముందు తెలిసేది ఒడ్డున తెలుగు మాట్లాడే నోలియా (జాలరి) పల్లెల వాళ్లకే. కబురు వస్తే ఎముక మీద చెయ్యి వేసే ముందు అటవీశాఖ వాళ్లని పిలవండి. బతికున్న కప్ప వేలు కోయడానికి కూడా కాలేజీ జంతు నైతిక సంఘం ఆమోదం, జాతిని బట్టి అటవీశాఖ అనుమతి చూసుకోవాలి. మగకప్పకి బొటనవేలు తీయకండి, జతకూడేటప్పుడు పట్టు దానితోనే.

ధర బ్లాకు లెక్కన, స్లైడు లెక్కన కాదు. సున్నం తీయడం, రంగు వేయడం, రిపోర్టు వద్దంటే మనిషి బయాప్సీ రేటులో సగానికి కాస్త అటూఇటూగా ఒప్పుకున్నారు. బేరం కౌంటర్లో కాదు, లోపల టెక్నీషియన్‌తో మాట్లాడాకే కుదురుతుంది. మైనం కోతకి నాలుగు పనిదినాలు చెప్పి అయిదో రోజు ఇచ్చారు. కౌంటర్లో తెలుగు, ఒడియా రెండూ చెల్లుతాయి, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి మాటతో ఇబ్బంది లేదు.

లేబుళ్ల దగ్గర మాత్రం కళ్లలో వత్తులు వేసుకోవాలి. వాళ్ల వరస నంబరు మార్కరుతో క్యాసెట్టు మీద రాస్తారు, జైలీన్‌లో అది చెరిగిపోతుంది. మీ నంబరు క్యాసెట్టు మీదా, స్లైడు గరుకు అంచు మీదా పెన్సిలుతో ముందే రాసి ఇవ్వండి. ఎడమ భుజాస్థా కుడిదా, ఎన్నో వేలు, ఏ తేదీ అన్నవి మీ పుస్తకంలోనే ఉండాలి, సీసా మీద కాదు. మిగిలిన దిమ్మల్ని అడిగి వెనక్కి తెచ్చుకోండి, అడగకపోతే కొన్నాళ్లకి పారేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వాటిని స్కూటరు డిక్కీలో పెట్టి ఎండలో వదలకండి. మైనం కరిగేది 58–60 డిగ్రీలకే అయినా అంతకు ముందే మెత్తబడుతుంది, అంత కష్టపడి నిటారుగా నిలబెట్టిన వేలు పక్కకి వాలుతుంది.